ఎందుకత్తయ్య, అర్బుద విచారణ

మా వీధి మలుపులో జిప్పులూ బొత్తాలూ అమ్మే చిన్న కొట్టు ఉంది. దాని యజమానురాలిని వీధంతా ఎందుకత్తయ్య అంటుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుందేమో గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు.

కొట్లోకి వెళ్ళి తెల్ల బొత్తాం కావాలని అడిగితే వెంటనే బొత్తాం చేతికి రాదు. ముందు ప్రశ్న వస్తుంది.

"ఏ చొక్కాకి?"

"ఆఫీసు చొక్కాకి అత్తయ్యా."

"ఎలా ఊడింది?"

"ఏమో, బస్సులో ఊడింది."

"బస్సులో ఊరికే ఎందుకూడుతుంది? ఎవరైనా పట్టుకుని లాగారా? లాగితే నువ్వేమన్నావు?"

బొత్తాం కోసం వెళ్ళినవాడు అరగంటకి గానీ బయట పడడు. పడ్డాక, ఆ గొడవలో తప్పు తనదేనేమో అని ఆలోచించుకుంటూ ఇంటికి పోతాడు. అయితే ఆమెలో ఒక మంచి గుణం ఉంది. సలహా ఇవ్వదు. ఇక్కడ విన్నది అక్కడ చెప్పదు. చెప్పడానికి తీరికేదీ, ఎప్పుడూ అడగడమేగా. ఆమె ఇలా ఎందుకు తయారైందో మాలో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమె భర్త, మా మావయ్య, సిటీ బస్సు డ్రైవరు. ఆయన సీటు వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డు ఉండేది. ఉద్యోగంలో తనకు బాగా నచ్చింది ఆ బోర్డేనని ఆయన ఒకసారి మా వీధి టైలరుతో అన్నాడట. ఆయన అన్న మాటల్లో పెద్దది అదే.

మా వీధిలో అందరిదీ ఒకటే భాష. ఊరిది వేరే భాష. బేరం ఆడడానికీ, బస్సెక్కడానికీ, తిట్టుకోవడానికీ సరిపడా ఊరి భాష మాకు వచ్చు. ఆస్పత్రి భాష మాత్రం వాటిలో దేనికిందకీ రాదు. డాక్టరు ఏమన్నా మా వాళ్ళు తల ఊపేవాళ్ళు, ఇచ్చిన మాత్రలు పుచ్చుకునేవాళ్ళు, ఇంటికొచ్చాక "ఇంతకీ ఏమన్నాడంటావ్?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

అలా రోజులు గడుస్తుండగా, ఒక ఉదయం వీధిలోని ప్రతి స్తంభానికీ మా భాషలోనే ఒక పోస్టరు వెలిసింది.

'అర్బుద విచారణ. ఈ వీధి వాసులు పాల్గొనవలెను. విచారణలో భాగముగా మీ రక్తము, మీ పూర్వ చరిత్ర సేకరింపబడును. పెద్దాసుపత్రి మూడవ అంతస్తునకు హాజరు కండి.'

వీధి గుండె జారిపోయింది. కిరాణా బాబాయి షట్టరు సగం దించి, దాని కింద నుంచి ఉప్పూ పప్పూ అందించడం మొదలుపెట్టాడు. టైలరైతే ఎవరూ అడక్కుండానే, "ఆ రోజు నేను ఊళ్ళో లేను," అన్నాడు.

"ఏ రోజు తమ్ముడూ?" అంది అత్తయ్య.

"ఏ రోజైనా సరే అక్కా. నేను లేను."

విచారించడం తన పని కదా, ఇంకెవరో విచారించడమేమిటని అత్తయ్యకు కొంచెం రోషం కూడా వచ్చింది. స్తంభం మీంచి పోస్టరు పీకి, మడిచి సంచీలో పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

మూడో అంతస్తులో ఒక నర్సు ఎదురొచ్చింది. ఆ అమ్మాయికి తల్లి వైపు భాష మాదే. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక, పెద్ద నిఘంటువొకటి కొనుక్కుని పట్టుదలగా నేర్చుకుంది. పోస్టరు రాసింది తనే. తర్వాత మేమంతా ఆమెను నిఘంటువు నర్సు అన్నాం.

"ఆసీనులు కండి. తమరి ఆగమన కారణమేమి?" అంది నర్సు.

"మా వీధిని ఎందుకు విచారిస్తున్నారు?"

"అర్బుదము నిమిత్తము."

"అర్బుదం ఎవరు? ఆ పేరుగల మనిషి మా వీధిలో లేడే."

నర్సు కాసేపు ఆలోచించి, క్యాన్సర్ అంది. అత్తయ్య పోస్టరు తీసి విప్పి, "మరి విచారణేంటి? పోలీసులు చేసేదేగా?" అంది. నర్సు నిఘంటువు తెరిచింది. ఒక మాట దగ్గర వేలు పెట్టి చదువుకుంది. ఆమె ముఖం ముందు పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. ఆస్పత్రి వాళ్ళు వాడే 'ట్రయల్' అన్న మాటకు రెండర్థాలున్నాయి. కోర్టులో జరిగేది ఒకటి, కొత్త మందును పరీక్షించి చూడడం రెండోది. నర్సు మొదటి అర్థం దగ్గరే ఆగిపోయింది.

ఇంతలో ఆ పరీక్ష నడిపే పొడుగు డాక్టరు వచ్చాడు. ఆయనకు మా భాష రాదు. మధ్యలో నర్సు అటూ ఇటూ తిప్పి చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తే మీకు తలనొప్పి వస్తుంది కాబట్టి, ఆయన మాటలు మామూలుగానే చెప్తాను.

"క్యాన్సర్ మందుల్ని ముందు కొంతమంది రోగులకు, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఇచ్చి చూస్తాం," అన్నాడు డాక్టరు. "పాత పద్ధతి మేలా, కొత్త పద్ధతి మేలా తెలుస్తుంది. కానీ వచ్చేవాళ్ళంతా ఈ ఊరి పెద్ద భాష వాళ్ళే. మీలాంటి చిన్న గుంపుల వాళ్ళు రావడం లేదు. మీ ఒంట్లో ఆ మందు ఎలా పనిచేస్తుందో మాకు సరిగ్గా తెలియదు. తెలియకుండానే ఇస్తున్నాం."

"మా వాళ్ళు ఎందుకు రావడం లేదు?"

"అదే మాకూ అర్థం కావడం లేదు."

"అడిగారా?"

"పోస్టరు వేశాం కదా," అన్నాడు డాక్టరు.

అత్తయ్య పోస్టరు వంక ఒకసారి, నర్సు వంక ఒకసారి చూసింది. నర్సు నేల చూసింది.

అలా మొదటి సభ ఏర్పాటైంది. మా వీధిలో సభ అంటే లాండ్రీ పైనున్న హాలే. కింద ఉతికే మిషన్లు తిరుగుతుంటే పైన నేల సన్నగా ఊగుతుంది. మాకు అలవాటే. డాక్టరు మాత్రం భూకంపమనుకుని ద్వారబంధం కింద నిలబడ్డాడు. ఆయన్ని బుజ్జగించి తెర దగ్గరికి తీసుకురావడానికి కొంత సమయం పట్టింది.

సభ మొదట్లోనే నర్సు, "సందేహములున్నచో అంత్యమున అడగగలరు," అంది. మర్యాదస్తురాలు కదా, అత్తయ్య ఒప్పుకుంది. ఆమె పడ్డ బాధ చూడాలి. తెర మీద ప్రతి బొమ్మకూ నోరు తెరవడం, గుర్తొచ్చి మూసుకోవడం. డాక్టరు ఒకచోట రోగుల్ని రెండు గుంపులుగా చేస్తామన్నాడు. ఆస్పత్రి భాషలో ఆ గుంపుకు 'చేయి' అని పేరట. నర్సు అదే ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీలో కొందరు ఒక చేతిలోనూ, మిగిలినవారు మరొక చేతిలోనూ ఉంచబడుదురు."

కిరాణా బాబాయి తన రెండు చేతులూ చూసుకున్నాడు. టైలరు జేబుల్లో పెట్టుకున్నాడు. అప్పుడే కింద పెద్ద మిషను బట్టలు పిండడం మొదలుపెట్టింది. తెర మీది బొమ్మలన్నీ గజగజ వణికాయి. డాక్టరు గబగబా ముగించి, ధన్యవాదాలు చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మా వాళ్ళు "అంతా అర్థమైంది" అని నర్సుకు చెప్పి, బిస్కెట్లు తీసుకుని ఇళ్ళకు పోయారు. అంతా అర్థమైందని మా వాళ్ళంటే, ఇక మమ్మల్ని వదిలెయ్యండి అని అర్థం. మూడో అంతస్తుకు ఒక్కరూ వెళ్ళలేదు.

కొన్నాళ్ళు చూసి డాక్టరే నర్సును వెంటబెట్టుకుని బొత్తాల కొట్టుకొచ్చాడు. అత్తయ్య ఆయనకు స్టూలు వేసింది. స్టూలు పొట్టిది కావడంతో ఆయన మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఆ రోజు మింగిన ప్రశ్నలన్నీ అత్తయ్య కడుపులో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే బయటికి తీసింది. ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో ఎవరు చెప్తారు? డబ్బున్నవాళ్ళకు మంచి మందు, లేనివాళ్ళకు ఉత్తుత్తి మందు ఇస్తారా? మీ ఇంట్లోవాళ్ళకైతే ఇదే చేయిస్తారా? జిప్పుల కోసం వచ్చినవాళ్ళు జిప్పుల సంగతి మరిచి, చెవులప్పగించి నిలబడ్డారు.

"ఉత్తుత్తి మందు ఎవరికీ లేదు. రెండు గుంపులకూ నిజమైన వైద్యమే. ఎవరు ఎందులోకన్నది యాదృచ్ఛికీకరణ," అంది నర్సు.

"అది ఊరా?"

"కాదు కాదు. కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. డాక్టరు చేతిలో కూడా ఉండదు."

"అలా చెప్పొచ్చు కదమ్మా. మరి చేతులేంటి?"

"గుంపులు," అంది నర్సు నీరసంగా.

జవాబులన్నీ చెప్పి డాక్టరు చెమట తుడుచుకుని, "ఆ రోజే ఇవన్నీ ఎందుకు అడగలేదు?" అన్నాడు.

"చివర్లో అడగమన్నారు. చివర్లో మీరు పారిపోయారు," అంది అత్తయ్య.

కాబట్టి రెండో సభ తిరగేసి పెట్టారు. ముందు ప్రశ్నలు, తర్వాతే ఉపన్యాసం, మిగిలితే. లాండ్రీ వాళ్ళను బతిమాలి పెద్ద మిషను ఆపించారు. అత్తయ్యకు ముందు వరుసలో కుర్చీ వేశారు. మొదట మా వాళ్ళు ఎప్పటిలాగే ముడుచుకుని కూర్చున్నారు. నిలబడి డాక్టరును అడగడానికి ఎవరికీ నోరు రాదు. కానీ అత్తయ్య ఎలాగూ అడుగుతోంది కదా, ఆమె నోట ఇంకోటి వేస్తే పోయేదేముందని వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి. "అత్తయ్యా, మధ్యలో మానేస్తే ఏం చేస్తారో అడుగు."

"మధ్యలో మానేస్తే తిడతారా?" అని అడిగింది అత్తయ్య.

"తిట్టం. ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. మామూలు వైద్యం ఆగదు," అన్నాడు డాక్టరు.

"కారణం చెప్పకుండానా? మీరు అడగరా?"

"అడుగుతాం. చెప్పి తీరాలని మాత్రం లేదు."

ఇది అత్తయ్యకు మింగుడుపడలేదు. అడిగాక చెప్పకపోవడమేమిటి, ఇదేం పద్ధతి అని ఆమె చాలాసేపు గొణుక్కుంది. తక్కిన వీధికి మాత్రం ఆ జవాబు బాగా నచ్చింది. కుర్చీలు కొంచెం ముందుకు జరిగాయి.

కిరాణా బాబాయి వంగి ఆమె చెవిలో ఏదో ఊదాడు. అత్తయ్య లేచి, "తను ఎలకలా కనిపిస్తున్నాడా అని కిరాణా బాబాయి అడుగుతున్నాడు," అంది.

"అలా కాదు," అన్నాడు బాబాయి తల పట్టుకుని. "మనల్ని ఎలకల్లా వాడుకుంటారేమో అని."

హాలు నవ్వింది గానీ డాక్టరు నవ్వలేదు. కొన్ని చోట్ల మనుషులకు చెప్పకుండా, వాళ్ళను అడగకుండా మందులు పరీక్షించిన రోజులు నిజంగానే ఉన్నాయని, అది తప్పేనని, భయపడేవాళ్ళు ఉత్తినే భయపడడం లేదని అన్నాడు. అందుకే ఇప్పుడు ముందు అన్నీ చెప్పి, ఒప్పుకుంటేనే చేర్చుకోవాలనీ, తమ పనిని బయటివాళ్ళు కనిపెట్టి చూస్తుంటారనీ, హాని కనిపిస్తే ఆపించేస్తారనీ చెప్పాడు. "మీరు రాకపోతే మీ తప్పేం లేదు. కానీ మీ ఒంటి సంగతి మాకు తెలియకుండానే ఉండిపోతుంది."

"అంటే ఎవరి కొలతలతోనో మనకి చొక్కా కుడుతున్నారన్నమాట," అన్నాడు టైలరు మెల్లగా.

"అందుకేనా నా చొక్కా భుజాలు జారుతున్నాయి?" అన్నాడు కిరాణా బాబాయి.

ఆ గొడవ సద్దుమణిగాక టైలరు, ఎవరి చెవిలోనూ చెప్పకుండా, తనే లేచి నిలబడ్డాడు. నిలబడి, టేపు మెడలో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"నా స్నేహితుడొకడున్నాడండీ. వాడికి... దొడ్డికెళ్ళినప్పుడు రక్తం పడుతోంది. అది ఊరికే వేడి చేసిందంటారా?"

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు డాక్టరు.

"కొన్ని నెలల్నించీ అన్నాడు."

"ఆయన ఏం పని చేస్తారు? కూర్చుని చేసే పనా?"

"వాడు కూడా టైలరేనండీ."

"ఎక్కడ ఉంటారు? ఒకసారి తీసుకురాగలరా?"

"మా ఇంట్లోనేనండీ," అన్నాడు టైలరు. అన్నాక నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

టైలరు ఒంటరి మనిషి, ఆయనింట్లో ఆయనా కుట్టుమిషనూ తప్ప ఎవరూ ఉండరని అందరికీ తెలుసు. అందరూ అత్తయ్య వంక చూశారు. ఏ స్నేహితుడు, ఎప్పుడొచ్చాడు, ఎందుకొచ్చాడు అని ఇప్పుడు అడుగుతుంది. అడగకుండా ఆమె వల్ల కాదు.

అత్తయ్య లేచింది. "డాక్టరుగారూ, ఆ తెర మీద ఈగ ఉంది చూశారా. అది నిజం ఈగా, మీ బొమ్మలో ఈగా?"

అందరి తలలూ తెర వైపు తిరిగాయి. అక్కడ ఈగ ఉన్నమాట నిజమే. నర్సు దాన్ని కాగితంతో అదిలించింది. అది వెళ్ళి డాక్టరు ముక్కు మీద వాలింది. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో టైలరు చల్లగా కూర్చున్నాడు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి టైలరు గుమ్మంలో ఉన్నాడు.

"నల్లదారం కావాలక్కా."

అత్తయ్య నల్లదారం ఉండ తీసి చేతిలో పెట్టింది. ఏ బట్టకి అనలేదు. ఎవరిదనలేదు. టైలరు ఉండను అటూ ఇటూ తిప్పాడు. అడుగుతుందేమోనని చూశాడు. అడగలేదు. 

"ఏంటక్కా, ఏమీ అడగవేం?"

"ఏం అడగను తమ్ముడూ?"

"స్నేహితుడు లేడక్కా. నాకే."

"తెలుసు. పద," అంది అత్తయ్య. అప్పుడే తెరిచిన కొట్టు మళ్ళీ మూసేసింది.

పరీక్షల్లో పెద్దపేగులో క్యాన్సరని తేలింది. మరీ ముదరలేదు గానీ, పక్కనున్న గ్రంథులకు కొంచెం పాకింది. ఆపరేషను చేశారు. మిగిలిన మురికి ఏదైనా ఉంటే పోవడానికి మందులెక్కించాలన్నారు. ఆ మందుల మీదే పొడుగు డాక్టరు పరీక్ష. అందరికీ ఇచ్చినంతకాలం ఇవ్వాలా, అందులో సగంకాలం ఇస్తే చాలునా అన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. ఎందుకంటే ఆ మందుల్లో ఒకటి ఎక్కువైతే వేళ్ళు మొద్దుబారతాయి.

"వేళ్ళా?" అన్నాడు టైలరు. ఆపరేషనుకు కూడా అంత భయపడలేదు ఆయన.

పరీక్షలో చేరడానికి అంగీకార పత్రం మా భాషలో ఉంది. నర్సు దాన్ని ముందే బొత్తాల కొట్టుకు తెచ్చి, వచ్చిన ప్రతివాళ్ళకీ వినిపించి, ఎవరి కనుబొమ్మలు ముడిపడినా ఆ మాట కొట్టేసి వేరే మాట రాసింది. 'ప్రతికూల ఘటనలు' అన్నచోట 'మందు వల్ల వచ్చే ఇబ్బందులు' అయింది. 'అర్బుదము' పూర్తిగా పోయింది. టైలరు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, చదివి, అత్తయ్య చేత తన తరఫున అడగాల్సినవన్నీ అడిగించి, సగంకాలం గుంపులో పడతానన్న ఆశతో సంతకం పెట్టాడు. కంప్యూటరు ఆయన్ని పూర్తికాలం గుంపులో వేసింది.

"ఆ కంప్యూటరుకి నేనేం ద్రోహం చేశానక్కా?" అన్నాడు.

"మానేస్తావా మరి?"

 "మానేసినా డాక్టరు మామూలుగా ఇచ్చేది ఈ పూర్తికాలం మందేనట. అదేదో లెక్కలో ఉండి వేసుకుంటే పోలా," అన్నాడు.

మందెక్కించే రోజుల్లో మావయ్య తన బస్సులోనే ఇద్దర్నీ ఆస్పత్రి దగ్గర దింపేవాడు. అత్తయ్య పక్క మంచాల వాళ్ళందర్నీ పలకరించేది. భాష రానివాళ్ళను కూడా అడిగేది. వాళ్ళేదో చెప్పేవాళ్ళు. ఎవరికేం అర్థమైందో గానీ, మందు సీసా ఖాళీ అయిందని ఎవరికీ తెలిసేది కాదు.

కొన్ని విడతలయ్యాక, కిరాణా బాబాయికి టైలరు కుట్టిన కొత్త చొక్కాకు బొత్తాలన్నీ ఒక వరస పక్కకు తప్పి కుట్టి ఉన్నాయి. వేసుకుంటే బాబాయి ఒక భుజం పైకీ ఒక భుజం కిందకీ వాలినట్టు కనిపించాడు. ఆయన అది తీసుకుని దెబ్బలాటకు బయల్దేరుతుంటే, అత్తయ్య చొక్కా లాక్కుని తనే టైలరు దగ్గరికి వెళ్ళింది.

"ఏంటిది?"

"కళ్ళు కనపడలేదక్కా."

"కళ్ళా? ఇప్పుడే నా ముందు సూది కిందపడితే వెంటనే కనిపెట్టి తీశావు. తీసింది చేత్తో కాదు, అయస్కాంతంతో. ఎందుకు?"

టైలరు వేళ్ళు దాచుకున్నాడు.

"ఎందుకు దాస్తున్నావు? ఎప్పట్నించి? డాక్టరుకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పరీక్షలోంచి తీసేస్తారేమో. మనవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. పరువు పోదూ?"

అత్తయ్య ఆయన్ని ఆ పూటే మూడో అంతస్తుకు నడిపించుకుపోయింది. డాక్టరు ఎవర్నీ తీసెయ్యలేదు. వేళ్ళకు పడని ఆ ఒక్క మందు ఆపేసి, తక్కినది కొనసాగించాడు. ఇలాంటివి తెలుసుకోవడానికే ఇదంతా, దాచితే అందరికీ తప్పు జవాబు వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. మందులు అయ్యేదాకా టైలరు కొట్లో కూర్చుని బొత్తాలు కుట్టిపెట్టింది అత్తయ్యే. నడిచిన పనికంటే నడిచిన ప్రశ్నలే ఎక్కువనీ, చొక్కాలన్నీ ఆలస్యమయ్యాయనీ మేం చెప్పుకున్నాం.

టైలరు బాగుపడ్డాడు. రెండు వేళ్ళ చివర్లు మాత్రం ఇప్పటికీ చలికి తిమ్మిరెక్కుతాయి. సూదిలో దారం ఆయనే ఎక్కించుకుంటాడు, కాస్త తిట్టుకుంటూ. ఆయన్ని చూసి మా వీధి నుంచి ఇంకొందరు మూడో అంతస్తుకు వెళ్ళారు. కొందరు చేరారు. కొందరు అన్నీ విని వద్దనుకున్నారు. వద్దనుకున్నవాళ్ళను ఎందుకని అత్తయ్య అడిగింది గానీ, వాళ్ళు చెప్పి తీరాలని లేదని డాక్టరు అనడంతో ఊరుకోవాల్సి వచ్చింది.

కొన్నేళ్ళకు ఫలితాలొచ్చాయి. డాక్టరు వాటిని ముందుగా మా హాల్లోనే చెప్తానని వచ్చాడు. చాలామందికి సగంకాలం మందు ఇంచుమించు పూర్తికాలమంత పనిచేసిందనీ, వేళ్ళ బాధ బాగా తగ్గిందనీ చెప్పాడు. కొందరికి మాత్రం పూర్తికాలమే మేలట. మా వాళ్ళ సంఖ్య చిన్నదే గానీ, ఈసారి లెక్కలో మేమూ ఉన్నాం.

"అంటే నా వేళ్ళు అనవసరంగా పాడయ్యాయా?" అన్నాడు టైలరు.

"మీకు మేలే జరిగి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఒక్కరి విషయంలో చెప్పలేను. మీ తర్వాత వచ్చేవాళ్ళకు మాత్రం ఇప్పుడు చెప్పగలను," అన్నాడు డాక్టరు.

టైలరు దానికి తృప్తిపడ్డాడో లేదో తెలియదు. "సరే," అని బిస్కెట్టు తీసుకున్నాడు. ఇంతలో కిరాణా బాబాయి, ఎవరి చెవీ వెతుక్కోకుండా, చెయ్యెత్తి ఇంకో జబ్బు గురించి అడిగాడు. ఆయన వెనక ఇంకొకరు. హాలు మూసే వేళయినా తెమల్లేదు. నర్సు దీపాలార్పి, "ఇంక పొండర్రా, రేపు అడగండి," అంది. ఆ అమ్మాయి భాష అప్పటికి పూర్తిగా చెడిపోయింది.

మెట్ల మీద కూడా డాక్టరును చుట్టుముట్టారు. చివరికి ఆయన గొంతు బొంగురుపోయి, ఈమధ్య నేర్చుకున్న మా భాషలోనే, "బస్టాపు ఎటు?" అన్నాడు.

"ఎక్కడికెళ్ళాలి?" అంది వీధి. "ఇంటికా? కారేమైంది? ఇంట్లో ఎవరెవరున్నారు? అన్నం తిన్నారా?"

డాక్టరు మెట్టు మీద కూలబడి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.